ఏటీసీ శిక్షణలో ఆన్‌లైన్ పైలట్లు

విమానాల రాకపోకలను నడిపించే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ (ఏటీసీ) కంట్రోలర్లు మొదటి రోజే నిజమైన విమానాల మీద పని నేర్చుకోరు. ప్రయాణికులెవరూ లేని, తెర మీద మాత్రమే కదిలే విమానాల మీద చెయ్యి తిరిగాకే వాళ్లను అసలు రేడియో ముందు కూర్చోబెడతారు. తెర మీది విమానం తనంతట తాను మాట్లాడదు. కంట్రోలరు ఇచ్చిన ఆదేశాన్ని విని, తిరిగి అప్పజెప్పి, విమానాన్ని ఆ ప్రకారం తిప్పే మనిషి ఒకరు అవతల ఉండాలి. వృత్తి శిక్షణ కేంద్రాల్లో ఈ పనిచేసేవారిని సూడో పైలట్లు, సిమ్యులేషన్ పైలట్లు అంటారు. ఇంటర్నెట్ మీద నడిచే వ్యాట్‌సిమ్, ఐవావో వంటి సిమ్యులేషన్ నెట్‌వర్కుల్లో అభిరుచి కొద్దీ కంట్రోలర్లు కావాలనుకునే సభ్యులకు ఇదే సాయం కావాలి. అక్కడ ఈ పనికి జీతం లేదు. తోటి సభ్యుల్లో ఆరితేరిన పైలట్లను శిక్షకులు వెతికి, అడిగి, వేళ కుదుర్చుకుని పిలుచుకుంటారు.

కంట్రోలరు శిక్షణ బాగుపడటానికైనా పాడవడానికైనా శిక్షకుడితో సమానంగా పైలట్ కూడా కారణమవుతాడు. పైలట్ విమానాన్ని అడ్డదిడ్డంగా నడిపితే, తెర మీద కనిపించే గందరగోళంలో విద్యార్థి తప్పెంతో పైలట్ తప్పెంతో ఎవరూ తేల్చలేరు. ఎంపికలో అనుభవానికి అంత విలువ ఇవ్వడానికి మూలం ఇదే.

వృత్తి శిక్షణలో ఈ పద్ధతి

నేల మీద కూర్చుని ఆకాశాన్ని అభినయించే విద్య పైలట్ల శిక్షణతోనే మొదలైంది. అమెరికాలో ఎడ్విన్ లింక్ 1929లో తయారుచేసిన లింక్ ట్రైనర్‌లో విద్యార్థి పైలట్ మూసిన పెట్టెలో కూర్చునేవాడు. శిక్షకుడు పక్కనున్న బల్ల దగ్గర హెడ్‌ఫోన్లు పెట్టుకుని, నేల మీది రేడియో కేంద్రంలాగా అతనితో మాట్లాడేవాడు. 1934లో అమెరికా సైన్యం తపాలా విమానాలు నడపబోయి, చెడు వాతావరణంలో వరుసగా పైలట్లను పోగొట్టుకుంది. ఆ తర్వాతే ఈ పెట్టెలను కొనడం మొదలుపెట్టింది. అక్కడ నేర్చుకునేది పైలట్, కంట్రోలరుగా నటించేది గురువు. రాడార్ వచ్చి కంట్రోలర్లకు ప్రత్యేక శిక్షణ ఏర్పడ్డాక ఈ అమరిక తిరగబడింది.

వృత్తి కేంద్రంలో సూడో పైలట్ సాధారణంగా వేరే గదిలో కూర్చుంటాడు. ఎదురుగా తన అధీనంలోని విమానాల పట్టిక, ఆదేశాలు టైపు చేసే లేదా మౌస్‌తో ఎంచుకునే తెర, చెవులకు హెడ్‌సెట్ ఉంటాయి. ఒక్కరే అయిదారు విమానాలకు గొంతు ఇవ్వడం మామూలు. ఒక కాల్‌సైన్‌తో (విమానం రేడియో పేరుతో) రీడ్‌బ్యాక్ ఇస్తూ, అంటే విన్న ఆదేశాన్ని తిరిగి అప్పజెబుతూ, ఇంకో విమానం ఎత్తు మార్చాలి, మూడోదాన్ని కంట్రోలరు పిలిస్తే ఆలస్యం లేకుండా పలకాలి. ఓక్లహోమా సిటీలోని ఎఫ్‌ఏఏ అకాడమీ, లక్సెంబర్గ్‌లోని యూరోకంట్రోల్ శిక్షణ సంస్థ, బ్రిటన్‌లోని న్యాట్స్ కళాశాల అన్నీ ఏదో ఒక రూపంలో ఈ పద్ధతి మీదే ఆధారపడ్డాయి. మన దేశంలో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా కంట్రోలర్లకు ప్రయాగ్‌రాజ్‌లో 1948లో ఏర్పడిన పౌర విమానయాన శిక్షణ కళాశాల ప్రధాన కేంద్రం. హైదరాబాద్ బేగంపేటలోనూ, మహారాష్ట్రలోని గోండియాలోనూ అథారిటీకి శిక్షణ కేంద్రాలున్నాయి. ఫిజిక్స్, మ్యాథ్స్‌తో బీఎస్సీ గానీ ఇంజినీరింగ్ గానీ చదివి జూనియర్ ఎగ్జిక్యూటివ్ పరీక్షలో నెగ్గిన తెలుగు యువతీయువకులు కొందరు తమ తొలి రాడార్ తెరను ఆ బేగంపేటలోనే చూస్తారు.

నెట్‌వర్కులు ఎలా పుట్టాయి

మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ తొలి కూర్పు 1982లో వచ్చింది. అప్పటినుంచి చాలాకాలం ఎక్కువమందికి అది ఒంటరి ఆటే. ఆకాశంలో ఇంకో మనిషి కనిపించడం అరుదు. 1990ల చివర ఇంటర్నెట్ ఇళ్లలోకి వచ్చాక, పైలట్ కంప్యూటర్‌ను నెట్‌వర్కుకు కలిపే స్క్వాక్‌బాక్స్, కంట్రోలరుకు రాడార్ తెర చూపించే ప్రోకంట్రోలర్ అనే రెండు ప్రోగ్రాములు అభిమానుల చేతుల్లో తయారయ్యాయి. వాటి చుట్టూ శాట్కో అనే సంఘం పోగైంది. 1998లో ఐవావో, 2001లో వ్యాట్‌సిమ్ ఏర్పడ్డాయి. రెండూ లాభాపేక్ష లేనివే, రెండిట్లోనూ పైలట్లూ కంట్రోలర్లూ స్వచ్ఛంద సభ్యులే. 2011లో అమెరికాలో మొదలైన పైలట్‌ఎడ్జ్ దారి వేరు. అక్కడ కంట్రోలర్లకు జీతమిస్తారు, పైలట్లు చందా కడతారు. ఆ సేవ పైలట్ల సాధన కోసమే గనుక కంట్రోలర్ల శిక్షణ కథలో దాని పాత్ర చిన్నది.

వ్యాట్‌సిమ్‌లో కంట్రోలరు మెట్లు అసలు వృత్తిని పోలి ఉంటాయి. మొదట పరిశీలకుడిగా చేరతారు. ఎస్1 దశలో క్లియరెన్సులు ఇవ్వడం, నేల మీద విమానాలను నడిపించడం నేర్చుకుంటారు. ఎస్2 టవర్, ఎస్3 అప్రోచ్, సీ1 దూరప్రయాణ మార్గాల నియంత్రణ. ఒక్కో మెట్టుకూ చదువు, రాతపరీక్ష, మెంటర్ అనే శిక్షకుడితో సాధన, ఆపైన ప్రత్యక్ష పరీక్ష ఉంటాయి. వివరాలు దేశాన్నీ విభాగాన్నీ బట్టి మారతాయి. పైలట్లకూ ప్రైవేట్ లైసెన్స్ స్థాయి నుంచి ఎయిర్‌లైన్ స్థాయి దాకా పీ1 మొదలు పీ4 వరకు ఐచ్ఛిక రేటింగులున్నాయి. శిక్షణకు పైలట్లను పిలిచేటప్పుడు ఈ రేటింగ్ ఉంటే మంచి గుర్తే, కానీ తప్పనిసరి కాదు. వేల గంటలు ఎగిరినా రేటింగ్ జోలికి పోనివాళ్లు చాలామంది.

2019 అక్టోబరులో వ్యాట్‌సిమ్ కొత్త వాయిస్ వ్యవస్థను తెచ్చింది. అంతకుముందు మాట గరగరలాడేది, ఆలస్యంగా చేరేది. కొత్త వ్యవస్థలో అసలు వీహెచ్‌ఎఫ్ రేడియోలాగా దూరాన్నీ ఎత్తునూ బట్టి శబ్దం మారుతుంది. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఇద్దరి మాటా చెడిపోతుంది. శిక్షణకు ఈ చివరి లక్షణం పెద్ద మేలు చేసింది. రద్దీ ఫ్రీక్వెన్సీలో మాటకు సందు దొరకబుచ్చుకోవడమే కంట్రోలరు సగం పని. దాన్ని పుస్తకం నేర్పలేదు.

స్వెట్‌బాక్స్

అసలు నెట్‌వర్కుకు పక్కన, బయటివాళ్లకు కనిపించకుండా నడిచే శిక్షణ సర్వర్‌ను వ్యాట్‌సిమ్ సభ్యులు స్వెట్‌బాక్స్ అంటారు. పేరులోనే చెమట ఉంది, పట్టేది కూడా. ఇక్కడ మెంటర్ ముందే ఒక సన్నివేశం రాసిపెడతాడు: ఏ విమానం ఏ నిమిషంలో ఎక్కడ కనిపించాలి, గాలి ఎటు వీస్తుంది, ఏ రన్‌వే వాడుకలో ఉంది. యూరోస్కోప్ వంటి రాడార్ ప్రోగ్రాముతో ఒకరో ఇద్దరో కూర్చుని ఆ విమానాలన్నిటినీ మౌస్‌తో తిప్పుతూ గొంతు ఇవ్వవచ్చు. వృత్తి కేంద్రాల పద్ధతికి ఇది దగ్గర.

రెండో పద్ధతిలో పైలట్లు తమ ఇళ్లలో మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటరో ఎక్స్‌-ప్లేనో నడుపుతూ, వీపైలట్ లేదా ఎక్స్‌పైలట్ ద్వారా అనుసంధానమై, ఒక్కొక్కరు ఒక్కో విమానంతో వస్తారు. రెంటికీ తేడా చాలా ఉంది. మౌస్‌తో తిప్పే విమానం చెప్పిన క్షణమే వంగుతుంది. వేగం ఒక లెక్క ప్రకారం తగ్గుతుంది. కాక్‌పిట్‌లో కూర్చున్న మనిషి ముందు వినాలి, కాగితం మీద రాసుకోవాలి, రీడ్‌బ్యాక్ ఇవ్వాలి, ఆటోపైలట్ మీటను తిప్పాలి. అప్పటికి కొన్ని సెకన్లు గడుస్తాయి. ఎయిర్‌బస్ ఏ320 ఒకేసారి త్వరగా కిందికి దిగుతూ వేగం కూడా తగ్గించమంటే రెండూ బాగా చేయలేదు. అసలు ఆకాశంలో ఉండే ఈ బరువు విద్యార్థికి పరిచయం కావాలంటే మనుషులు నడిపే విమానాలే కావాలి. తొలి పాఠాలకు మొదటి పద్ధతి, పరీక్ష దగ్గరపడ్డాక రెండో పద్ధతి మేలని నా అభిప్రాయం.

అనుభవం ఎందుకు

అప్రోచ్ కంట్రోలరు పనిని లెక్కల్లో చూస్తే పైలట్ నిర్లక్ష్యం ఎంత ఖరీదైనదో అర్థమవుతుంది. 180 నాట్ల భూవేగంతో వస్తున్న విమానం నిమిషానికి 3 నాటికల్ మైళ్లు పోతుంది. విమానాశ్రయం దగ్గర రాడార్ కింద రెండు విమానాల మధ్య ఉండాల్సిన కనీస దూరం చాలాచోట్ల అదే 3 మైళ్లు. ఆఖరి మలుపు తిరగమన్నాక పైలట్ 20 సెకన్లు ఆలస్యం చేస్తే ఒక మైలు పోయింది, అంటే ఉన్న దూరంలో మూడోవంతు. ముందున్నవాడిని 160 నాట్లకు తగ్గమని, వెనకవాడిని 180లోనే ఉండమని చెబితే 3 నిమిషాల్లో మధ్య దూరం ఒక మైలు తగ్గుతుంది. కంట్రోలరు కావాలనే ఆ లెక్క వేసి ఉంటాడు. వెనకవాడు చెప్పకుండా 200తో వస్తే ఆ లెక్క అంతా చెడుతుంది. విద్యార్థి మాత్రం తన అంచనాయే తప్పనుకుని, మరుసటి విమానాన్ని భయంతో 8 మైళ్ల దూరంలో పెడతాడు. చెడ్డ పైలట్లతో నేర్చుకున్న కంట్రోలరుకు అలవడే దోషం ఇదే: అనవసరమైన జంకు.

పెద్ద విమానం వెనక రేగే సుడిగాలి దూరాలు ఇంకో చిక్కు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ (ఐకావో) ప్రమాణం ప్రకారం హెవీ తరగతి విమానం వెనక మధ్యతరహా విమానం 5 మైళ్లు, చిన్న విమానం 6 మైళ్లు దూరంగా ఉండాలి. ఏ380 వెనక మధ్యతరహాకు 7, చిన్నదానికి 8. విద్యార్థికి ఈ పట్టిక నోటికి రావాలంటే వరుసలో బోయింగ్ 777, ఏ320, సెస్నా కలిసి రావాలి. ముగ్గురు పైలట్లూ తమ విమానాన్ని దాని అసలు వేగంతో నడపగలగాలి. ఫ్లైట్ ప్లాన్‌లో 777 అని రాసి, ల్యాండింగ్ వేళ 200 నాట్లతో దూసుకొచ్చేవాడి వల్ల ఆ పాఠం బోధపడదు.

టవర్ శిక్షణలో దొరకడం కష్టమైనవాళ్లు చిన్న విమానాల పైలట్లు. కంటిచూపుతో, విమానాశ్రయం చుట్టూ సర్క్యూట్ తిరుగుతూ, దిగీ దిగగానే మళ్లీ ఎగిరే టచ్ అండ్ గో చేసే సెస్నా 172 వచ్చిందంటే టవర్ విద్యార్థి పరీక్ష మొదలైనట్టే. 4 మైళ్ల ఫైనల్‌ను సెస్నా 90 నాట్లతో దాటడానికి 2 నిమిషాల 40 సెకన్లు పడుతుంది. 140 నాట్ల ఏ320కు 1 నిమిషం 43 సెకన్లు చాలు. చిన్నదాన్ని ముందు పంపాలా, రన్‌వేకు సమాంతరంగా సాగే డౌన్‌విండ్ పొడిగించమనాలా, అక్కడే ఒక చుట్టు తిరగమనాలా అన్నది కిటికీలోంచి చూసి కొన్ని సెకన్లలో తేల్చుకోవాలి. సెస్నా పైలట్‌కు సర్క్యూట్ ఎత్తు తెలియకపోయినా, బేస్ లెగ్ ఎక్కడ తిరగాలో తెలియకపోయినా ఈ పాఠం అసలు మొదలే కాదు. ఎయిర్‌లైన్ విమానాలు ఆటోపైలట్ మీద నడపడానికి అలవాటుపడ్డ అభిమానులు చాలామంది. చేత్తో, నేల గుర్తులు చూస్తూ ఎగరగలిగేవాళ్లు తక్కువ. ఆ తక్కువమందిని గుర్తుపెట్టుకుని పదేపదే పిలిచే మెంటర్లే మంచి కంట్రోలర్లను తయారుచేస్తారు.

పిలుపు, ఎంపిక

పైలట్లను పిలిచే ప్రకటనలో తేదీ, వేళ, విమానాశ్రయం, వాడాల్సిన విమాన రకాలు, బయలుదేరాలా దిగాలా అన్నవి ముందు చెబుతారు. వేళ ఎప్పుడూ యూటీసీలోనే ఉంటుంది. చలికాలంలో మధ్య యూరప్‌లో సాయంత్రం 7కి మొదలయ్యే సాధన 1800 జూలూ (యూటీసీ), అంటే మన గడియారంలో రాత్రి పదకొండున్నర. హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉన్న సభ్యులు ఫ్రాంక్‌ఫర్ట్ విద్యార్థికి సాయపడాలనుకుంటే ఆ వేళకు మేలుకుని కూర్చోవాలి. రెండు గంటలు ఉంటానని మాట ఇచ్చినవారు రెండు గంటలూ ఉండాలి. సన్నివేశం మధ్యలో ఒక విమానం మాయమైతే మెంటర్ అల్లిన వరుస మొత్తం సడలిపోతుంది. వేళ పాటించడమే అనుభవజ్ఞుల మొదటి లక్షణంగా మెంటర్లు చూస్తారు.

రెండో షరతు డేటా. ప్రపంచమంతా విమాన మార్గాల సమాచారం ఐరాక్ అనే 28 రోజుల చక్రంలో మారుతుంది. కంట్రోలరు కొత్త చక్రంలో ఉండి, పైలట్ రెండేళ్ల నాటి డేటాతో వస్తే, ఆదేశంలో వినిపించిన బిందువు అతని కంప్యూటర్‌లో ఉండదు. విద్యార్థి ఆ పేరును అక్షరం అక్షరం చెబుతూ ఒక నిమిషం పోగొట్టుకుంటాడు, ఆ నిమిషంలో ఇంకో ఇద్దరు పైలట్లు పిలుస్తుంటారు. విమానాశ్రయ చిత్రణ కూడా అంతే. 2006లో వచ్చిన ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్‌ను ఇప్పటికీ వాడేవాళ్లున్నారు. శంషాబాద్ విమానాశ్రయం తెరుచుకున్నది 2008 మార్చిలో. వేరే సీనరీ జతచేసుకోకుండా హైదరాబాద్ గ్రౌండ్ శిక్షణకు వచ్చిన పైలట్‌కు ట్యాక్సీవే ఎక్కడుందో కనబడదు. అందుకే పిలుపులోనే ఏ సీనరీ కావాలో, చార్టులు ఎక్కడ దొరుకుతాయో రాస్తారు.

మూడోది రేడియో మర్యాద. రూట్ క్లియరెన్సు, రన్‌వే మీదికి వెళ్లే, దాటే, దిగే, ఎగిరే, బయటే ఆగే అనుమతులు, క్యూఎన్‌హెచ్ అనే వాయుపీడన అంకె, ట్రాన్స్‌పాండర్ కోడ్, ఎత్తు, దిశ, వేగం, వీటన్నిటినీ పైలట్ తిరిగి అప్పజెప్పాలని ఐకావో నియమం. ‘రోజర్’ అని ఊరుకుంటే చాలదు. 1977 మార్చి 27న టెనెరిఫేలో రెండు బోయింగ్ 747లు రన్‌వే మీదే ఢీకొని 583 మంది పోయాక ఈ మాటల విషయంలో ప్రపంచం గట్టిపడింది. టేకాఫ్ అన్న పదాన్ని అసలు టేకాఫ్ అనుమతికీ, దాని రద్దుకూ తప్ప ఇంకెక్కడా వాడకూడదన్న కట్టుబాటు ఆ విషాదం నుంచి వచ్చిందే. ఇంట్లో కూర్చుని ఆడే ఆటలో ఇంత పట్టింపు ఎందుకని కొత్తవాళ్లకు అనిపించవచ్చు. విద్యార్థి చెవి ఏ మాటలకు అలవాటుపడితే అదే అతనికి సహజమైపోతుంది. అలవాటయ్యాక సరిదిద్దడం కష్టం.

నాలుగో గుణం ఓర్పు. విద్యార్థి తడబడతాడు, కాల్‌సైన్ తప్పు చెబుతాడు, ఇచ్చిన ఆదేశాన్ని వెనక్కి తీసుకుంటాడు, విమానాన్ని ఒకేచోట చుట్లు తిప్పే హోల్డింగ్‌లో పెట్టి మరచిపోతాడు. అనుభవమున్న పైలట్ అప్పుడు మెల్లగా తన కాల్‌సైన్, ఎత్తు గుర్తుచేస్తాడు. విసుక్కునేవాడు ఎంత గొప్ప చోదకుడైనా మెంటర్ రెండోసారి పిలవడు, పిలవకూడదు కూడా.

అడిగి చేయించే పొరపాట్లు

క్రికెట్ నెట్స్‌లో బౌలింగ్ చేసేవాడికి వికెట్లతో పనిలేదు. ఎదుటి బ్యాట్స్‌మన్ ఏ బంతికి తడబడతాడో ఆ బంతినే మళ్లీ మళ్లీ వేయడమే అతని పని. శిక్షణ పైలట్ పరమార్థం కూడా అదే, అనుభవం పూర్తిగా తేలేదీ ఇక్కడే. మెంటర్ రహస్యంగా ఒక సందేశం పంపుతాడు: తరువాతి రీడ్‌బ్యాక్‌లో ఎత్తు తప్పు చెప్పు. ఫ్లైట్ లెవెల్ 100 అని వింటే 110 అనాలి, హెడింగ్ 240 అంటే 210 అనాలి. గొంతులో తేడా రాకూడదు, మామూలుగా పొరబడినట్టే వినిపించాలి. విద్యార్థి పట్టుకుంటాడా లేదా అన్నదే పరీక్ష. పట్టుకోకపోతే పైలట్ ఆ తప్పు ఎత్తుకే ఎక్కుతూ పోవాలి, మెంటర్ ఆపమనేదాకా.

ఇలాంటి సన్నివేశాలు చాలా ఉంటాయి. ఐఫ్లై 512, ఐఫ్లై 521 అని ఒకేలా వినిపించే రెండు కాల్‌సైన్‌లు ఒకే ఫ్రీక్వెన్సీలో ఉంటాయి. ఒకరికి ఇచ్చిన ఆదేశాన్ని ఇంకొకరు అందుకుంటారు. రన్‌వే దాకా వచ్చిన విమానం ఆఖరి క్షణంలో దిగకుండా మళ్లీ పైకి లేస్తూ గో అరౌండ్ అంటుంది. రేడియో మూగబోయిన విమానం ట్రాన్స్‌పాండర్‌లో 7600 పెట్టుకుని మాటలేకుండా వస్తుంది. వీటిలో కొన్నిటి వెనక నిజమైన మరణాలున్నాయి. 1990 జనవరి 25న న్యూయార్క్ దగ్గర ఏవియాంకా 52 విమానం ఇంధనం అయిపోయి కూలి 73 మంది చనిపోయారు. సిబ్బంది ఇంధనం తక్కువని చెప్పారు గానీ, ఎమర్జెన్సీ అన్న మాటను కంట్రోలర్లకు అందేలా ప్రకటించలేదు. ఇంధన సన్నివేశం ఆడే పైలట్ మొదట అస్పష్టంగానే మాట్లాడాలి. కంట్రోలరు విద్యార్థి విడమరిచి అడుగుతాడేమో చూడాలి.

2002 జులై 1న జర్మనీలోని యూబర్‌లింగెన్ మీద రెండు విమానాలు ఢీకొని 71 మంది మరణించారు. ఒక విమానంలో ఢీకొనే ప్రమాదాన్ని హెచ్చరించే టీకాస్ యంత్రం పైకి ఎక్కమంటుంటే కంట్రోలరు కిందికి దిగమన్నాడు, సిబ్బంది కంట్రోలరు మాట విన్నారు. టీకాస్ సలహా వచ్చినప్పుడు దాన్నే పాటించాలని ఆ తర్వాత ఐకావో స్పష్టం చేసింది. శిక్షణలో పైలట్ ‘టీకాస్ ఆర్‌ఏ’ అనగానే విద్యార్థి ఆ విమానానికి కొత్త ఆదేశాలు ఆపేయాలి. చెప్పడానికి చిన్న నియమమే. తన తెర మీద రెండు చుక్కలు దగ్గరవుతుంటే నోరు మూసుకుని ఉండటం మాత్రం మనిషి స్వభావానికి విరుద్ధం, అందుకే దాన్ని సాధన చేయించాల్సి వస్తుంది. పైలట్ ఆ మాటను సరైన క్షణంలో, సరైన తీరులో చెప్పడం ఇక్కడ చాలా అవసరం.

ఇవన్నీ ముందే మాట్లాడుకుని చేసేవి. వ్యాట్‌సిమ్ ప్రవర్తనా నియమావళి ప్రకారం అసలు నెట్‌వర్కులో ఎమర్జెన్సీ ప్రకటించిన పైలట్‌ను కంట్రోలరు ఆపమంటే వెంటనే ఆపాలి. లేదంటే నెట్‌వర్కు నుంచి తప్పుకోవాలి. విమానం హైజాక్ అయినట్టు నటించడం పూర్తిగా నిషిద్ధం.

పరీక్ష రోజు

ప్రత్యక్ష పరీక్ష కొన్ని విభాగాల్లో స్వెట్‌బాక్స్‌లో, కొన్నిచోట్ల అసలు నెట్‌వర్కులోనే జరుగుతుంది. అసలు నెట్‌వర్కులో జరిగేటప్పుడు ఎవరు వస్తారో ఎవరి చేతిలోనూ ఉండదు. పరీక్ష రోజున ఆకాశం ఖాళీగా ఉంటే విద్యార్థి సామర్థ్యం తెలియదు, పరీక్ష వాయిదా పడుతుంది. అందుకని ముందుగా ప్రకటించి పైలట్లను రప్పిస్తారు. ఇలాంటప్పుడు పిలుపందుకున్న అనుభవజ్ఞుల బాధ్యత నిశ్శబ్దంగా ఆదర్శప్రాయంగా ఎగరడం. విద్యార్థికి సాయపడాలని ముందే ఊహించి మలుపు తిరగడం, అడక్కుండా వేగం తగ్గించడం స్నేహంగా కనిపించినా పరీక్షకు ద్రోహమే. చెప్పింది మాత్రమే చేయాలి, చెప్పింది అంతా చేయాలి. తెలియక వచ్చి చేరిన కొత్త పైలట్లు కూడా ఆ తెర మీద ఉంటారు, వాళ్లను ఓపికగా నడిపించడం పరీక్షలో ఒక భాగంగానే చూస్తారు.

ఉచ్చారణ

రేడియో ఇంగ్లీషు ఒక్కో నోట ఒక్కోలా పలుకుతుంది. 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద సౌదీ 747, కజకిస్థాన్ ఇల్యూషిన్-76 ఢీకొని 349 మంది ప్రాణాలు పోయాయి. కజక్ విమానం ఇచ్చిన ఎత్తు కంటే కిందికి దిగిపోయింది, ఆ సిబ్బందికి ఇంగ్లీషు సరిగా అందకపోవడం మీద విచారణలో చాలా చర్చ జరిగింది. పైలట్లకూ కంట్రోలర్లకూ కనీసం నాలుగో స్థాయి భాషా సామర్థ్యం ఉండాలన్న ఐకావో నియమానికి దారితీసిన ప్రమాదాల్లో ఇదొకటి.

వృత్తి కేంద్రంలో సూడో పైలట్లు సాధారణంగా ఒకే దేశంవాళ్లు. విద్యార్థి చెవి ఒకే యాసకు అలవాటుపడుతుంది. ఆన్‌లైన్ నెట్‌వర్కులో ఒకే సాయంత్రం బ్రెజిల్, పోలండ్, జపాన్, ఆంధ్రప్రదేశ్ నుంచి గొంతులు వినిపించవచ్చు. ఈ ఒక్క విషయంలో ఇంటి శిక్షణ వృత్తి శిక్షణ కంటే ముందుందని చెప్పవచ్చు. మన తెలుగు నోట ఇంగ్లీషు పదాల చివర అచ్చు చేరడం, మాట వేగంగా సాగడం ఉన్నవే. అంకెలను ‘ట్రీ’, ‘ఫైఫ్’, ‘నైనర్’ అంటూ విడివిడిగా పలికే ఐకావో పద్ధతి పాటిస్తే యాస ఏదైనా మాట నిలుస్తుంది. వ్యాట్‌సిమ్‌లో భారతదేశం పశ్చిమాసియా విభాగంలో ఉంది. హైదరాబాద్ గగనతలం చెన్నై ఫ్లైట్ ఇన్ఫర్మేషన్ రీజియన్ కిందికి వస్తుంది, నెట్‌వర్కులోనూ అదే ఏర్పాటు. శంషాబాద్ టవర్‌ను అందులో వీఓహెచ్‌ఎస్ అన్న అసలు కోడ్‌తోనే నడుపుతారు.

యంత్రం గొంతు

సూడో పైలట్లకు జీతాలివ్వడం, వాళ్లను వేళకు సమకూర్చుకోవడం వృత్తి కేంద్రాలకు భారమే. అందుకే మాటను గుర్తించి తానే జవాబిచ్చే కంప్యూటర్ పైలట్ మీద చాలాకాలంగా పని జరుగుతోంది. అడాసెల్, యూఎఫ్‌ఏ వంటి సంస్థల టవర్ సిమ్యులేటర్లలో ఇది ఉంది. యూరప్ పరిశోధకులు కంట్రోలరు మాటను అక్షరాల్లోకి మార్చి, అందులోంచి కాల్‌సైన్, ఆదేశం ఏరి, కృత్రిమ గొంతుతో రీడ్‌బ్యాక్ ఇచ్చే నమూనాలు చూపించారు. ప్రాథమిక సాధనకు ఇవి బాగా పనికొస్తాయి. విద్యార్థి అర్ధరాత్రి ఒంటరిగా కూర్చుని వందసార్లు ఒకే క్లియరెన్స్ చెప్పుకోవచ్చు. అయితే నియమబద్ధమైన పదజాలం దాటిన క్షణంలో యంత్రం తడబడుతుంది. విద్యార్థి తడబడేదీ సరిగ్గా అదే క్షణంలో. తన మాట ఎదుటి మనిషికి ఎలా చేరిందో తెలుసుకోవడం అతనికి అప్పుడు అవసరం.

సాధన ముగిశాక

సన్నివేశం అయిపోయాక మెంటర్, విద్యార్థి, పైలట్లు ఒకే వాయిస్ గదిలో కలుస్తారు. మెంటర్ రాడార్ రికార్డింగ్ చూపిస్తూ దూరాలు, వరుసలు మాట్లాడతాడు. పైలట్ చెప్పగలిగింది వేరు. ఆ దిగే ఆదేశం అంత ఆలస్యంగా వస్తే గ్లైడ్‌పాత్‌కు పైన ఉండిపోయానని, ఒకే ఊపిరిలో నాలుగు ఆదేశాలిస్తే మూడోది రాసుకోలేకపోయానని, హోల్డింగ్‌లో ఎంతసేపు ఉండాలో చెప్పకపోవడంతో ఇంధనం లెక్క వేసుకోలేకపోయానని చెబుతాడు. రాడార్ తెర మీద ఇవేవీ కనబడవు. నెట్‌వర్కులో సభ్యులుగా ఉన్న నిజజీవిత పైలట్లు ఈ గదిలోకి వచ్చినప్పుడు విద్యార్థులు అడిగే ప్రశ్నల్లో ఎక్కువ భాగం వీటి గురించే. యూరప్ నియమాల్లో కంట్రోలర్ల తొలి శిక్షణలో విమానం పనితీరు ఒక ప్రత్యేక పాఠ్యాంశం. కాక్‌పిట్ వైపునుంచి వచ్చే ఈ మాటలు ఆ పాఠ్యాంశాన్ని రేడియో మీద ఆచరణలో చూపిస్తాయి. వాటిని ఒక కాగితం మీద రాసిపెట్టుకుని మరుసటి సన్నివేశంలో అదే పైలట్‌ను అదే విమానంతో మళ్లీ పిలవడం చాలామంది మెంటర్ల పద్ధతి.